ఏడు జెర్సీలలో డి స్టెఫానో: ఒక పాతకాలపు జెర్సీల సెట్‌పై సమీక్ష

పాతకాలపు ఫుట్‌బాల్ జెర్సీలను మళ్లీ కుట్టించి అమ్మే సంస్థలు చాలానే ఉన్నాయి. అయితే ఒక క్లబ్బు చరిత్రనో ఒక ప్రపంచకప్పునో కాకుండా ఒక్క ఆటగాడి ప్రయాణాన్ని తీసుకుని, ఆయన ఆడిన జట్ల జెర్సీలను ఒకే పెట్టెలో పెట్టి అమ్మడం అరుదైన ఆలోచన. ఈ సమీక్ష అటువంటి ఒక సెట్ గురించి. ఇందులో ఏడు నూలు జెర్సీలు, వాటితో పాటు ఒక చిన్న పరిచయ పుస్తకం ఉన్నాయి. అర్జెంటీనాలో పుట్టి, మూడు దేశాల లీగుల్లో విజేతగా నిలిచిన ఆల్ఫ్రెడో డి స్టెఫానో ధరించిన రంగులివి: రివర్ ప్లేట్, ఉరకాన్, అర్జెంటీనా, బొగోటాలోని మిల్లోనారియోస్, రియల్ మాడ్రిడ్, స్పెయిన్, చివరగా ఎస్పాన్యోల్. జెర్సీలను విడివిడిగానూ కొనుక్కోవచ్చు. పుస్తకం మాత్రం మొత్తం సెట్ తీసుకున్నవారికే వస్తుంది.

గుడ్డ విషయంలో తయారీదారులు రాజీపడలేదు. ఇప్పటి పలచని పాలిస్టర్ జెర్సీలకు అలవాటుపడిన చేతికి ఈ నూలు బరువుగా, కాస్త గరుకుగా తగులుతుంది. వాన పడితే నీళ్లు పీల్చుకుని ఒంటికి అతుక్కుపోయే ఇటువంటి గుడ్డతోనే ఆనాటి ఆటగాళ్లు తొంభై నిమిషాలు పరుగెత్తారన్న సంగతి దీన్ని వేసుకున్నవారికి వెంటనే తెలిసివస్తుంది. ఛాతీ మీద ఏ కంపెనీ ప్రకటనా లేదు, వీపు మీద ఆటగాడి పేరూ లేదు. డి స్టెఫానో వేసుకున్న 9 అంకెను అచ్చు వేయకుండా విడిగా గుడ్డలో కత్తిరించి కుట్టారు. ఆ కుట్టు దగ్గరగా, సమంగా ఉంది. కాలర్ నిలువుగా ఉంటుంది, మణికట్టు దగ్గరి పట్టీ సాగిపోదు. కొలతలు పాత పద్ధతిలో వదులుగా ఉన్నాయి గానీ ఉతికిన తరువాత నిడివి కొంత తగ్గుతుంది.

రివర్ ప్లేట్ జెర్సీతో ఆరంభించడం న్యాయంగా ఉంది. 1926 జులై 4న బ్యూనస్ ఐరెస్‌లోని బర్రాకాస్ పేటలో పుట్టిన డి స్టెఫానో 1945లో రివర్ మొదటి జట్టులో అడుగుపెట్టారు. అప్పటికి ఆ జట్టులోని ముందువరుసకు 'లా మాకినా' (యంత్రం) అని పేరు. మునోస్, మొరేనో, పెదెర్నేరా, లాబ్రూనా, లౌస్తావ్ అనే ఆ అయిదుగురు ఒకరి స్థానంలోకి ఒకరు మారుతూ ఆడిన తీరును అర్జెంటీనా ఇప్పటికీ తలచుకుంటుంది. వారిలో సెంటర్ ఫార్వర్డ్ పెదెర్నేరా ఉన్నంతకాలం కుర్రవాడికి చోటు దొరకడం కష్టం. అందుకే 1946లో ఆయనను ఉరకాన్‌కు అప్పుగా పంపారు. తిరిగివచ్చిన 1947లో పెదెర్నేరా స్థానం ఆయనదైంది. ఆ ఏడు 27 గోల్స్‌తో లీగ్‌లో అందరికంటే ముందు నిలిచారు, రివర్ విజేత అయింది. ఆయన వేగాన్నీ బంగారురంగు జుట్టునూ చూసి 'సయేతా రూబియా' (బంగారురంగు బాణం) అన్న పేరు పెట్టింది అప్పుడే.

తెల్ల జెర్సీపై ఏటవాలుగా దిగే ఎర్రపట్టీ రివర్ గుర్తు. దాన్ని రంగు అద్ది వదిలేయకుండా వేరే గుడ్డతో అతికించి కుట్టడం ఈ సెట్‌లో నాకు బాగా నచ్చిన పనితనాల్లో ఒకటి. అయితే ఆ ఎరుపు నిలకడైన రంగు కాదు. మొదటి ఉతుకులోనే పట్టీ అంచుల వెంట తెలుపు మీదికి గులాబీ ఛాయ పాకింది. ఇంత శ్రద్ధగా కుట్టిన వస్తువులో ఇంత ప్రాథమికమైన లోపం ఉండకూడదు.

ఉరకాన్ జెర్సీ తెలుపు; ఛాతీ మీద ఎర్రని గాలిబుడగ. విమానయానంలో అర్జెంటీనా తొలి వీరుడైన హోర్హే న్యూబెరీ 1909లో ఎగిరిన బెలూన్ పేరే ఈ క్లబ్బుకు పెట్టుకున్నారు, ఆ బెలూన్ బొమ్మే చిహ్నమైంది. ఎంబ్రాయిడరీ ముచ్చటగా ఉంది. అర్జెంటీనా జెర్సీ గురించి చెప్పవలసింది తక్కువ: లేత నీలం, తెలుపు నిలువు చారలు సరైన వెడల్పుతో ఉన్నాయి. ఆ జెర్సీలో ఆయన ఆడినది 1947లో ఈక్వడార్‌లోని గుయాకిల్ నగరంలో జరిగిన దక్షిణ అమెరికా ఛాంపియన్‌షిప్ ఒక్కటే. ఆరు ఆటలు, ఆరు గోల్స్, విజేత పతకం. పుట్టిన దేశం తరఫున ఆయన మళ్లీ ఆడలేదు.

ఎందుకు ఆడలేదన్న ప్రశ్నకు జవాబు సెట్‌లోని నాలుగో జెర్సీలో ఉంది. నా దృష్టిలో మొత్తం పెట్టెలో విలువైనది ఇదే. 1948 చివరలో అర్జెంటీనా ఆటగాళ్లు తమ సంఘానికి గుర్తింపు కావాలని, కనీస వేతనం కావాలని సమ్మెకు దిగారు. క్లబ్బులు దిగిరాలేదు, ఆ సీజన్‌ను కుర్ర జట్లతో ముగించాయి. సరిగ్గా అదే కాలంలో కొలంబియాలో కొత్తగా పుట్టిన వృత్తిపరమైన లీగ్ ఫిఫా గొడుగు బయట నడుస్తోంది. ఫిఫా నియమాలకు కట్టుబడని లీగ్ గనుక అక్కడి క్లబ్బులు ఆటగాడి పాత క్లబ్బుకు బదిలీ రుసుము చెల్లించనక్కరలేదు. మిగిలిన డబ్బంతా జీతాల రూపంలో ఆటగాడికే వెళ్లేది. న్యాయమైన వేతనం అడిగి విసిగిపోయిన అర్జెంటీనా ఆటగాళ్లు గుంపులుగా అక్కడికి తరలారు. పెదెర్నేరా బొగోటాకు దారి చూపితే, 1949లో డి స్టెఫానో, నెస్టర్ రొస్సీ ఆ దారిన నడిచారు. కొలంబియా ఆ కాలాన్ని 'ఎల్ దొరాదో' (బంగారు లోకం) అని పిలుచుకుంటుంది. ముదురు నీలం వేసుకున్న మిల్లోనారియోస్‌కు 'నీలి బ్యాలే' అని పేరు వచ్చింది. 1949, 1951, 1952, 1953 సంవత్సరాల్లో ఆ జట్టు లీగ్ గెలిచింది.

జెర్సీ నీలం సరైన లోతులో ఉంది, ఉతికినా చెక్కు చెదరలేదు. పరిచయ పుస్తకంలో అన్నిటికంటే బాగా రాసిన పుటలు కూడా ఇవే. సమ్మెను ఆటగాళ్ల దురాశగా కొట్టిపారేయకుండా, దాని కారణాలను ఓపికగా వివరించడం మెచ్చదగింది. డి స్టెఫానో జీవితంలో తరువాత జరిగినదంతా ఈ నీలం జెర్సీ నుంచే పుట్టిందని కూడా ఆ పుటలు చక్కగా చూపుతాయి. 1951లో లీమాలో కుదిరిన ఒప్పందం ప్రకారం విదేశీ ఆటగాళ్లు 1954 వరకు కొలంబియాలో ఉండవచ్చు, ఆ తరువాత తమ పాత క్లబ్బులకు తిరిగివెళ్లాలి. అంటే ఒకే ఆటగాడిపై వర్తమానంలో మిల్లోనారియోస్‌కు, భవిష్యత్తులో రివర్‌కు హక్కు ఏర్పడింది. 1952లో రియల్ మాడ్రిడ్ తన యాభయ్యో వార్షికోత్సవానికి మిల్లోనారియోస్‌ను ఆహ్వానించింది. అతిథులు 4-2తో గెలిచి వెళ్లారు. మాడ్రిడ్ అధ్యక్షుడు శాంటియాగో బెర్నబేవు ఆ ఆట చూసి డి స్టెఫానో కోసం పట్టుబట్టారు. 1953లో బార్సెలోనా రివర్‌తో మాట్లాడుకుంది, మాడ్రిడ్ మిల్లోనారియోస్‌తో మాట్లాడుకుంది. నాలుగు సీజన్లపాటు ఏడాదికి ఒక క్లబ్బు చొప్పున ఆయన రెండు చోట్లా ఆడాలని మధ్యవర్తి తీర్పు చెప్పగా, బార్సెలోనా అధ్యక్షుడు రాజీనామా చేశారు, ఆ క్లబ్బు తన వాటాను వదులుకుంది. ఆ వేసవిలో బార్సెలోనా తరఫున ఆయన కొన్ని స్నేహపూర్వక ఆటలు ఆడినమాట నిజమే గానీ, ఆ జెర్సీని ఈ సెట్‌లో చేర్చకపోవడం సరైన నిర్ణయం; దాన్ని చేర్చి ఉంటే సంచలనం కోసం చేసినట్టుండేది.

రియల్ మాడ్రిడ్ జెర్సీ తెల్లగా ఉండటం తప్ప చేయడానికేమీ లేదనిపిస్తుంది గానీ, పాత జెర్సీల తయారీలో పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. 1931లో స్పెయిన్‌లో రాచరికం పోయినప్పుడు క్లబ్బు చిహ్నంలోని కిరీటం తొలగి, కాస్టీల్ ప్రాంతపు ఊదా పట్టీ వచ్చింది. 1941లో కిరీటం తిరిగివచ్చినా ఆ పట్టీ నిలిచింది. ఇప్పటి చిహ్నంలోని నీలపు పట్టీని తెచ్చి 1950ల జెర్సీకి అతికించే తయారీదారులు ఎందరో ఉన్నారు. ఈ సెట్‌లో కిరీటమూ ఊదా పట్టీ రెండూ సరిగా ఉన్నాయి. చరిత్ర తెలిసినవారు ఎవరో దగ్గరుండి చూసుకున్నారు.

ఆ తెల్ల జెర్సీలో ఆయన చేసినది అందరికీ తెలిసిందే అయినా, అంకెలు మళ్లీ చెప్పుకోదగినవే. 1933 తరువాత లీగ్ గెలవని క్లబ్బు ఆయన వచ్చిన మొదటి సీజన్‌లోనే, 1953-54లో గెలిచింది. ఆయన ఉన్నకాలంలో మొత్తం ఎనిమిది లీగులు గెలిచింది. 1956 నుంచి 1960 వరకు అయిదు యూరోపియన్ కప్పులు (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) వరుసగా మాడ్రిడ్‌వే, ఆ అయిదు ఫైనళ్లలోనూ ఆయన గోల్ చేశారు. 1960లో గ్లాస్గోలోని హ్యాంప్‌డెన్ పార్క్‌లో ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌ను 7-3తో ఓడించిన ఫైనల్‌లో ఆయనవి మూడు గోల్స్, సహచరుడు పుష్కాష్‌వి నాలుగు. 1957లోనూ 1959లోనూ యూరప్‌లో మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ ఆయనకే దక్కింది. మాడ్రిడ్ తరఫున 396 అధికారిక ఆటల్లో 308 గోల్స్.

వీపు మీది 9 అంకె చూసి ఆయన పెనాల్టీ ప్రాంతంలో బంతి కోసం కాచుకుని ఉండే ఆటగాడని అనుకుంటే అంతకన్నా పెద్ద పొరపాటు ఉండదు. తన గోల్ దగ్గర బంతి లాక్కుని, మధ్యలో అందరికీ దారి చూపిస్తూ నడిపి, చివరికి అవతలి గోల్ ముందు తానే తేలడం ఆయన ఆట. ముందువరుస ఆటగాడు వెనక్కి వచ్చి ప్రత్యర్థిని వెంటాడటం చిన్నతనంగా భావించిన రోజుల్లో ఆయన ఆ పని చేశారు, తోటివారు చేయకపోతే మైదానంలోనే గట్టిగా మందలించారు. ఆయనలోని కోచ్ పుట్టుక అక్కడే అని నా నమ్మకం. పరిచయ పుస్తకం గోల్స్ లెక్క చెబుతుంది గానీ ఈ ఆటతీరును ఎక్కడా వివరించదు.

స్పెయిన్ జెర్సీ ఎరుపు రివర్ పట్టీ ఎరుపులా కారదు. బహుశా వేరే చోట అద్దిన గుడ్డ కావచ్చు. 1956లో స్పెయిన్ పౌరసత్వం పొందిన ఆయన ఆ జట్టుకు 31 ఆటల్లో 23 గోల్స్ చేశారు. అయినా ప్రపంచకప్పులో ఒక్క నిమిషం కూడా ఆడలేకపోయారు. 1950, 1954 టోర్నీలకు అర్జెంటీనా వెళ్లలేదు. 1958కి స్పెయిన్ అర్హత సాధించలేదు. 1962లో చిలీకి జట్టుతో వెళ్లినా గాయం వల్ల బయటే కూర్చున్నారు. అంతటి ఆటగాడికి ఆ వేదిక దక్కకపోవడం ఫుట్‌బాల్‌కే నష్టం.

ఎస్పాన్యోల్ జెర్సీ సెట్‌లో బలహీనమైనది. నీలం, తెలుపు చారలు భుజం దగ్గర ముందూ వెనుకా కలవవు. 1964 యూరోపియన్ కప్ ఫైనల్‌లో వియన్నాలో ఇంటర్ చేతిలో 3-1తో ఓడిన తరువాత, కోచ్ మిగెల్ మునోస్‌తో పొసగక మాడ్రిడ్ విడిచిన ఆయన, రెండేళ్లు ఇక్కడ ఆడి 1966లో ముగించారు.

సెట్ కూడా ఇక్కడే ముగుస్తుంది. నా ప్రధానమైన అభ్యంతరం ఇదే. 1963 ఆగస్టులో కారకాస్ హోటల్ నుంచి వెనెజులా తిరుగుబాటుదారులు ఆయనను అపహరించి, హాని చేయకుండా వదిలిపెట్టిన ఘటనకు పుస్తకం నిండుగా చోటిచ్చింది. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా సాగిన కోచ్ జీవితానికి మాత్రం ఒక్క పేరా కేటాయించింది. ఆ పేరాలో క్లబ్బుల పేర్లున్నాయి, పని లేదు.

ఆ పని ఎంత విలువైనదో చూడండి. 1967లో ఎల్చేతో కోచ్‌గా మొదలైన ఆయన, 1969లో బ్యూనస్ ఐరెస్ తిరిగివచ్చి పగ్గాలు పట్టింది బోకా జూనియర్స్‌వి. రివర్‌లో పెరిగిన మనిషి బోకాకు రావడమే ఒక సాహసం. బంతిని నేల మీద ఉంచి దాడి చేసే ఆటను ఆయన అక్కడ నిలబెట్టారు. ఆ ఏడాది డిసెంబరు 14న నేషనల్ టోర్నీ చివరి ఆట రివర్ సొంత మైదానం మొనుమెంటల్‌లోనే జరిగింది. బోకా ఆటగాడు మదుర్గా చేసిన రెండు గోల్స్‌తో 2-2 డ్రా అయింది, టైటిల్‌కు ఆ డ్రా చాలు. తాను పెరిగిన మైదానంలో ఆగర్భ ప్రత్యర్థికి కప్పు అందించిన ఆ సాయంత్రపు నీలం, పసుపు జెర్సీ ఈ పెట్టెలో లేకపోవడం నాకు మింగుడుపడలేదు.

మరుసటి ఏడు వాలెన్సియా. అక్కడ దొరికిన ఆటగాళ్లతో బోకా తరహా ఆట సాధ్యం కాదని గ్రహించిన ఆయన, గోల్ ఇవ్వని జట్టును కట్టారు. క్లారముంట్ ఆ జట్టు మధ్యన నిలిచిన స్తంభం. 1970-71 లీగ్ చివరి రోజున వాలెన్సియా ఎస్పాన్యోల్ మైదానం సర్రియాలో 1-0తో ఓడింది. అదే సమయానికి మాడ్రిడ్‌లో టైటిల్ పోటీలో ఉన్న అట్లెటికో, బార్సెలోనా 1-1తో డ్రా చేసుకోవడంతో ఓడిన జట్టే విజేత అయింది. 1947 తరువాత ఆ క్లబ్బుకు అదే మొదటి లీగ్. దాడికి మారుపేరైన ఆటగాడు రక్షణ మీద నిలిచిన జట్టుతో గెలవడం కొందరికి వింతగా తోచింది. ఉన్నవారి బలాన్ని బట్టి ఆటను కుదర్చడమే కోచ్ వివేకమని నేను భావిస్తాను. ఆ వివేకానికి బోకా, వాలెన్సియా పక్కపక్కన పెట్టి చూడవలసిన రెండు రుజువులు.

లిస్బన్‌లోని స్పోర్టింగ్, రాయో వల్లెకానో, కాస్టెల్లోన్‌లలో గడిచిన మధ్యకాలంలో చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. తరువాత 1980 మే నెలలో, మళ్లీ వాలెన్సియాతో, బ్రస్సెల్స్‌లోని హేసెల్ మైదానంలో ఇంగ్లండ్ జట్టు ఆర్సెనల్‌పై కప్ విన్నర్స్ కప్ (యూరప్ దేశాల కప్పు విజేతల మధ్య పోటీ) ఫైనల్. గోల్ లేని ఆట పెనాల్టీలకు వెళ్లింది. వాలెన్సియా వైపు కెంపెస్, ఆర్సెనల్ వైపు బ్రేడీ తొలి పెనాల్టీలను పోగొట్టుకున్నారు. చివరికి రిక్స్ తన్నిన బంతిని గోల్‌కీపర్ పెరేరా ఆపడంతో 5-4తో కప్పు దక్కింది. 1958లో ఆటగాడిగా మిలాన్‌పై ఆయన యూరోపియన్ కప్ గెలిచిందీ అదే హేసెల్‌లో. మరుసటి ఏడాది రివర్ పిలిచింది. తనతో ఒకప్పుడు ఆడిన లాబ్రూనా స్థానంలో వెళ్లి, తనతో పాటు వాలెన్సియాలో గెలిచిన కెంపెస్‌తోనే 1981 నేషనల్ టైటిల్‌ను ఆయన రివర్‌కు గెలిపించారు. బోకాకూ రివర్‌కూ టైటిల్ అందించిన మనిషి గురించి ఒక్క పేరా!

1982-83లో రియల్ మాడ్రిడ్ కోచ్‌గా ఆయన చవిచూసిన చేదును కూడా దాచనక్కరలేదు. లీగ్, రాజు కప్పు, లీగ్ కప్పు, సూపర్ కప్పు, కప్ విన్నర్స్ కప్పు: అయిదింటిలోనూ మాడ్రిడ్ రెండో స్థానంతో సరిపెట్టుకుంది. లీగ్ చేజారింది వాలెన్సియా మైదానంలో. దిగువ విభాగానికి జారిపోయే ప్రమాదంలో ఉన్న ఆయన పాత క్లబ్బు 1-0తో గెలిచి తాను బతికింది, టైటిల్ అథ్లెటిక్ బిల్‌బావోకు పోయింది. కొద్ది రోజులకే గోథెన్‌బర్గ్‌లో జరిగిన కప్ విన్నర్స్ కప్ ఫైనల్‌లో ఫెర్గూసన్ కోచ్‌గా ఉన్న స్కాట్లాండ్ జట్టు అబర్డీన్ అదనపు సమయంలో 2-1తో ఓడించింది. కానీ మరుసటి సీజన్‌లో ఆయన చేసిన పని ఫలం తరువాతివారు తిన్నారు. 1983 డిసెంబరులో మూర్సియాలో సాంచీస్‌ను, మార్టిన్ వాస్కెస్‌ను, 1984 ఫిబ్రవరిలో కాదిస్‌లో బుట్రగేన్యోను మొదటి జట్టులో దింపింది ఆయనే. 2-0తో వెనుకబడిన ఆ కాదిస్ ఆటలో దిగిన బుట్రగేన్యో రెండు గోల్స్ చేయగా మాడ్రిడ్ 3-2తో గెలిచింది. ఆ దశాబ్దపు రెండో సగంలో స్పెయిన్‌ను ఏలిన తరం అలా తెరమీదికి వచ్చింది. 1987లో ఆయన వాలెన్సియాను రెండో విభాగం నుంచి పైకి తెచ్చారు, 1990లో మాడ్రిడ్‌కు తిరిగివచ్చి బార్సెలోనాపై సూపర్ కప్పు గెలిచారు.

తయారీదారులు రెండో సెట్ వేయాలి: బోకా 1969, గబ్బిలం చిహ్నంతో వాలెన్సియా 1971, రివర్ 1981. కోచ్ జెర్సీ వేసుకోడని వారు అనవచ్చు. ఆ రంగులు వేసుకున్నవారిని గెలిపించింది ఆయనే కదా. అది వచ్చేవరకు మొత్తం సెట్ కొనమని నేను అందరికీ చెప్పలేను. పుస్తకంలోని కొలంబియా పుటల కోసమైనా ఆయన అభిమానులు కొనుక్కోవచ్చు. మిగిలినవారికి మిల్లోనారియోస్, రియల్ మాడ్రిడ్ జెర్సీలు విడిగా చాలు, ఎస్పాన్యోల్‌ది వదిలేయవచ్చు. ఏది కొన్నా ఒక సైజు పెద్దది తీసుకోవాలి, రివర్ జెర్సీని మాత్రం చల్లటి నీళ్లలో వేరుగా తడిపి, నీడలో ఆరవేయాలి.